పేరు రాసే గడి

మా నాన్నతో నేను వారం రోజులు మాట్లాడలేదు. కారణం చెప్తే నవ్వుతారు. ఒక గడి. ఫోన్ తెర మీద వేలెడు పొడుగున్న ఖాళీ గడి. దాని నెత్తి మీద నేనే రాశాను, 'సర్వీసు రికార్డులో ఉన్నట్టు మీ పూర్తి పేరు' అని. రాసిన రోజున ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తి నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

నేను ఈ బెంగాల్ రైల్వే ఊళ్ళో, ఇందా అనే పేటలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకి కంప్యూటర్ చెప్తాను. ఉండేది మలంచాలో, అమ్మానాన్నలతో. నాన్న రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల దగ్గర ఫిట్టరు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో కుళాయి కారినా, తలుపు గొళ్ళెం వదులైనా ఆ రోజు ఆయనకి పండగే. పానా పట్టుకుని కూర్చుంటే అమ్మ అన్నానికి నాలుగుసార్లు పిలవాలి.

వర్క్‌షాపులో పనిచేసిన మా తెలుగువాళ్ళ ఇళ్ళలో, ఏ ఇంటికి వెళ్ళినా ముందుగదిలో ఒక ఫొటో ఉంటుంది. సెండాఫ్ ఫొటో. రిటైరయ్యే మనిషిని మెళ్ళో దండతో కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ఫోర్‌మన్‌ని కూర్చోబెట్టి, వెనకాల గ్యాంగు మొత్తం మూడు వరసల్లో నిలబడి తీయించుకునేది. ఒక్కొక్క మనిషీ పదిహేను ఇళ్ళ గోడల మీద ఉంటాడు, తన ఫొటోలో కూర్చుని, మిగతావాళ్ళ ఫొటోల్లో నిలబడి. ఇక్కడి వానలకీ చెమ్మకీ అవన్నీ పాలిపోతున్నాయి. మొన్న వేసవి సెలవుల్లో ఊరికే ఉండలేక, ఆ ఫొటోలన్నీ పెట్టుకోవడానికి ఒక యాప్ చేశాను. ఎవరింటి ఫొటో వాళ్ళు ఎక్కిస్తారు. ఎవరు ఎవరో కింద రాస్తారు. అంతే.

మొదట దానికి తాళం పెట్టలేదు. మనవాళ్ళే కదా అనుకున్నాను. పదిహేను రోజులు తిరక్కముందే మనవాళ్ళ సంగతి తెలిసింది. ఒక ఫొటోలో మూడో వరసలో గుబురు మీసాల మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన మా తాత అని ఒక ఇంటివాళ్ళు, కాదు మా తాత అని ఇంకో ఇంటివాళ్ళు. పొద్దున్న వీళ్ళు రాస్తే మధ్యాహ్నానికి వాళ్ళు చెరిపేస్తారు. గోల్‌బజార్‌లో చేపల దగ్గర ఎదురుపడి మరీ అరుచుకున్నారట. ఇంకో మహానుభావుడు ఫోర్‌మన్ ఫొటో కింద రాయకూడని మాట రాసి ఊరుకున్నాడు. మా తెలుగు సంఘం పెద్దాయన నన్ను పిలిచి, ఎవరు ఏం రాశారో తెలియాలమ్మాయ్, లేకపోతే దీన్ని మూసెయ్యి అన్నాడు. అలా తాళం అవసరమైంది.

మనిషి ఎవరో తేల్చి లోపలికి రానిచ్చే ఈ పని, వినడానికి చిన్నదిగా ఉంటుంది గానీ, సొంతంగా రాసుకోవడం ఒట్టి మూర్ఖత్వం. ఎక్కడో ఒక కన్నం ఉండిపోతుంది. అందుకని ఈ పని బాగా తెలిసినవాళ్ళు రాసి, వంద మంది పరీక్షించి, ఎవరైనా వాడుకోండని పెట్టిన ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని మేము లైబ్రరీ అంటాం. తెచ్చుకుని మన యాప్‌కి తగిలించుకోవడమే. అది ఫోన్ నంబరు అడుగుతుంది, ఆ నంబరుకి ఆరంకెల కోడ్ పంపుతుంది, అంకెలు సరిపోతే మనిషిని లోపలికి పంపి తన పట్టికలో ఒక వరస రాసుకుంటుంది. వరండాలో చాప వేసుకుని రెండు రోజులు దాని సూచనలు చదివాను. మూడో రోజు తగిలించాను. మొదటిసారి నా ఫోన్‌కి కోడ్ వచ్చి, కొట్టగానే తలుపు తెరుచుకున్నప్పుడు, బడిలో పాతికేళ్ళ నుంచి చెప్తున్న పాఠాలేవీ ఇవ్వని సంతోషం కలిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగితే నేనెందుకవుతాను? వర్క్‌షాపు వాళ్ళకి షాపు పద్ధతే పెట్టాలని బుద్ధి పుట్టింది. కోడ్ కొట్టాక ఇంకో పేజీ వచ్చేట్టు చేశాను. అందులో రెండు గడులు. ఒకటి టికెట్ నంబరుకి, అంటే షాపులో మనిషికిచ్చే నంబరుకి. రెండోది పేరుకి. రెండూ నింపితే గానీ లోపలికి పోనివ్వదు. ఒకసారి నింపాక మార్చడానికి వీల్లేదు. నింపినవాళ్ళకి పైన పెద్ద అక్షరాలతో 'నమస్కారం' అని, పక్కన వాళ్ళ పేరు, చివర 'గారూ' అని వస్తుంది. ఇది లైబ్రరీ అడిగింది కాదు. పూర్తిగా నా తెలివి.

సంఘం వాళ్ళకి ఇచ్చేముందు ఒక పాతకాలపు మనిషి చేత పరీక్ష చేయించాలి కదా. ఇంట్లోనే ఉన్నాడని నాన్నకి ఫోన్ ఇచ్చాను. నంబరు కొట్టాడు. కోడ్ వచ్చింది, కళ్ళు చిట్లించుకుని ఒక్కొక్క అంకే కొట్టాడు. టికెట్ నంబరు చూడకుండా కొట్టాడు. పేరు గడి దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. కాసేపు చూసి, కళ్ళజోడు మసగ్గా ఉన్నాదని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

మర్నాడు మళ్ళీ ఇచ్చాను. పంపు చూసుకోవాలన్నాడు. ఆ మర్నాడు గడి దాకా వెళ్ళి, నాకు తెలియకుండా మూసేశాడు. నేను రాస్తాను ఇలా తే అంటే ఫోన్ ఇవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో పిల్లలందరికీ నేర్పుతాను, ఇంట్లో ఒక్క పెద్దమనిషి చేత పేరు రాయించలేనా అని పంతం. సంఘం పెద్దాయన రోజూ ఫోన్ చేసి అయిందా అంటున్నాడు. ఆ సాయంత్రం టీ తాగుతుండగా మళ్ళీ పట్టుకుంటే, నాన్న మెల్లగా, "నన్ను ఒగ్గీయమ్మా. ఫొటోలో నానున్నాను గదా, అది సాలు" అన్నాడు.

అప్పుడు ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. నలభై ఏళ్ళు జీతం పుస్తకంలో సంతకం పెట్టిన పేరే కదా, అదొక్కటి రాయడానికి చేతులు రావా అన్నాను. ఇంకా ఏవో అన్నాను, ఇక్కడ రాయను. నాన్న సగం తాగిన గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన ఎప్పుడూ టీ వదిలేసి లేచే మనిషి కాదు. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు, ఇంకా కోపమే వచ్చింది.

ఆ వారమంతా అమ్మ మా ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది. మీ నాన్నకి మజ్జిగ కావాలట, నిన్ను గేటు వెయ్యమన్నారు, ఇలా. చివరికి ఆమెకి విసుగొచ్చింది. నేను వంటింట్లో కూర తరుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "ఆ పేరు ఆయన్ని అడక్కే" అంది. ఎందుకని అడిగితే, కత్తిపీట వైపు చూస్తూ, ఆయన్నే అడుగు, నా నోటంట రాకూడదు అంది. మా అమ్మ నాన్న పేరు ఎప్పుడూ పలకదు. ఏటండీ, ఇదిగో, ఓయ్, ఇంతే. ఆ మొహమాటమే అనుకున్నాను. కాదని రెండు రోజుల్లో తెలిసింది.

ఆదివారం పొద్దున్న పెరట్లో కుళాయి కింద బట్టలు పెడుతున్నాను. కుళాయి కారుతోందని నాన్న పానా, కొత్త వాషరు పట్టుకుని వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. కుళాయి తల విప్పుతూ, నా వైపు చూడకుండానే, వారం తర్వాత మొదటి మాట అడిగాడు.

"ఆ గడిలో రాసింది ఎవులు సూస్తారు?"

సంఘం వాళ్ళందరూ చూస్తారన్నాను. సర్కారు చూస్తాదేటి అన్నాడు. సర్కారుకి దీంతో ఏం పని అన్నాను. ఆయన తలూపి, అరిగిపోయిన వాషరు గోటితో పీకి పక్కన పెట్టి, చెప్పడం మొదలుపెట్టాడు. కుళాయి బిగించడం అయ్యేసరికి చెప్పడం కూడా అయిపోయింది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ షాపులో ఖలాసీగా చేసేవాడు. ఆయనకి ఇద్దరు మగపిల్లలు, తర్వాత ముగ్గురు ఆడపిల్లలు. పెద్దవాడు ఎనిమిది చదివాడు, సర్టిఫికెట్టు ఉంది. రెండోవాడు మా నాన్న, ఐదో క్లాసుతో ఆపేసి ఊళ్ళో మా నాన్నమ్మ దగ్గర గేదెల్ని తోలుకుంటున్నాడు. పనిచేసేవాళ్ళ పిల్లల్ని షాపులోకి తీసుకునే రోజుల్లో తాత పెద్దవాడి పేరు మీద అర్జీ పెట్టాడు. పిలుపు కాగితం రావడానికి ముందు పెద్దవాడికి ఊళ్ళో జ్వరం తగిలింది. మూడు రోజుల్లో పోయాడు. పెద్దకర్మ అయిన మూడో రోజున కాగితం వచ్చింది, ఆ పోయినవాడి పేరు మీద.

తాత ఆ కాగితం పట్టుకుని ఒక పూటంతా అరుగు మీద కూర్చున్నాడట. తర్వాత రెండోవాడికి అన్న చొక్కా తొడిగించి, అన్న సర్టిఫికెట్టు సంచిలో పెట్టించి రైలెక్కించాడు. దారి పొడుగునా ఒకటే పాఠం. నీ పేరు ఇది, నీ వయసు ఇంత, ఎవులు పిలిసినా పలుకు. మొదటి రోజు గేటు దగ్గర ఆ పేరు పిలిస్తే నాన్న పలకలేదట. అన్న ఎక్కడున్నాడా అని వెనక్కి తిరిగి చూశాడట. రెండోసారి గట్టిగా పిలిచారు. అప్పుడు పలికాడు.

ఊళ్ళో కాగితాల్లో లెక్క సరిపోవాలి కదా. చనిపోయింది రెండోవాడని రాయించారు.

"కాయితంలో సచ్చిపోనాది నానేనమ్మా. మా అన్న ఉద్దోగం సేసి రిటైరైపోనాడు" అన్నాడు నాన్న. నవ్వుతూనే అన్నాడు. అన్నకి రెండేళ్ళు వయసెక్కువ, అందుకే రెండేళ్ళు ముందు రిటైరయ్యానని కూడా చెప్పాడు. ఒంట్లో సత్తువ ఉండగానే ఇంటికొచ్చేశానని ఆయన అంటుంటే, నేను చిన్నప్పటి నుంచీ అది గొప్పకి చెప్పుకునే మాటే అనుకున్నాను.

నేను ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. కోపం మాత్రం గుర్తుంది. నా పదో తరగతి సర్టిఫికెట్టు మీద, డిగ్రీ మీద, నా ఉద్యోగం కాగితం మీద తండ్రి పేరు దగ్గర ఉన్నది నేను ఎప్పుడూ చూడని మనిషి పేరు. పందొమ్మిదేళ్ళకి పోయిన కుర్రాడిది. ఇంతకాలం నాకు ఎందుకు చెప్పలేదని తాత మీద, నాన్న మీద, అమ్మ మీద కూడా మండిపడ్డాను. నాన్న కుళాయి తిప్పి చూశాడు. కారడం ఆగింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ పేరు రాయడానికి చేతులు రావా అన్నది నేనే కదా. నిజంగానే రాలేదు ఆయనకి.

కాస్త తేరుకున్నాక అడిగాను, మరి నీ సొంత పేరు ఎవరైనా పిలిచేవారా అని. "మా యమ్మ ఒక్కతె పిలిసీది" అన్నాడు. అది నాకు తెలుసు. చిన్నప్పుడు క్వార్టరు పెరట్లోంచి నాన్నమ్మ ఒక పేరు పెట్టి పిలుస్తుంటే నాన్న పరుగెత్తుకొచ్చేవాడు. అందరి ఇళ్ళలో లాగే అదేదో ముద్దుపేరనుకున్నాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్నమ్మ పోయింది. తర్వాత ఆ పేరు నేను మళ్ళీ వినలేదు. ఆయన కూడా వినలేదన్న సంగతి ఆ కుళాయి దగ్గర కూర్చున్నప్పుడే తట్టింది.

ఇంకొక మాట అడిగాను. మహాలయ అమావాస్య నాడు పొద్దున్నే పుకూరు దగ్గరికి ఎప్పుడూ ఒక్కడివే వెళ్తావు, మమ్మల్ని ఎందుకు రానివ్వవు అని. పుకూరంటే ఇక్కడి మాటలో చెరువు. ఆ రోజు బెంగాలీలూ మనవాళ్ళూ అందరూ అక్కడే పోయినవాళ్ళకి నీళ్ళు వదులుతారు. తాత పోయిన దగ్గర్నుంచి నాన్న ఏ ఏడూ మానలేదు. ఆయన పానా తుడిచి పక్కన పెట్టి, అది కూడా చెప్పాడు.

పంతులుగారు మొదట నీళ్ళు వదిలేవాడి పేరు చెప్పి, ఆ తర్వాత పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే అడుగుతారు. నాన్నని ఆయన ఎరిగింది రికార్డు పేరుతోనే. అన్నకి కూడా నీళ్ళు వదలాలి కదా. ఆ అన్న పేరు కూడా అదే అని చెప్తే, ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరేమిటని అడుగుతారు. ఆ మాట ఈ నోటా ఆ నోటా ఆఫీసు దాకా పోతుందని భయం. అందుకని మొదటి ఏడు నాన్న ఒక పని చేశాడు. పోయిన అన్న పేరు ఏమిటని అడిగితే తన సొంత పేరు చెప్పాడు.

"అన్న కాడ ఎత్తుకొచ్చిన పేరుతో కూకొని, నా పేరుకి నీల్లొదిలినాను. ఏటేటా అదే. బతికున్నోడికి ఒదలకూడదని తెలుసు. మా అన్నకి ఒక్క సుక్క కూడా అందలేదు" అన్నాడు.

అప్పటిదాకా నవ్వుతూ చెప్పినవాడు ఇది మాత్రం నవ్వకుండా చెప్పాడు. షాపులో వేరే పేరుతో బతికినందుకు ఆయనకి అంత బాధ లేదు. ఆకలి రోజులు, తండ్రి మాట, అయిపోయింది. అన్నకి నీళ్ళు అందలేదన్నదే ఆయన్ని తినేస్తోంది. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడు ఏమని చెప్పి మార్చాలో ఆయనకి తోచడం లేదు. తను పోయేలోపు మార్చకపోతే తర్వాత మార్చేవాళ్ళు ఎవరూ లేరు.

నాకూ తోచలేదు. ఏదైనా తోచనప్పుడు నేను చేసే పనే చేశాను, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లైబ్రరీ రాసుకున్న పట్టిక తెరిచాను. అప్పటికి మా వాళ్ళు కొందరు పరీక్షకని చేరి ఉన్నారు, ఒక్కొక్కరికి ఒక్కో వరస. వరస మొదట్లో అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి చాంతాడు లాంటిది ఒకటి. దానికి అర్థం లేదు. మనిషి మొదటిసారి తలుపు తట్టినప్పుడు లైబ్రరీ తనకి తోచింది ఇచ్చి, అది మాత్రం ఇక చచ్చినా మార్చదు. ఆ మనిషి ఏం రాసినా, ఏం చెరిపినా దాని కిందే జమవుతుంది. దాని పక్కన ఫోన్ నంబరు. ఆ పక్కన పేరు గడి.

నాన్న వరసలో పేరు గడి ఖాళీగా ఉంది. ఫోన్ నంబరు కొట్టి కోడ్ ఇచ్చిన క్షణానే లైబ్రరీ ఆయన్ని ఒప్పేసుకుంది. వరస రాసేసుకుంది. పేరేమిటని అడగలేదు. సూచనలు మళ్ళీ తిరగేశాను. పేరు ఉన్నా సరే, లేకున్నా సరే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు అని మొదటి పేజీల్లోనే ఉంది. రెండు రోజులు కూర్చుని చదివానని చెప్పుకున్న దాన్ని, ఆ ముక్క మీదుగా దాటిపోయాను. రికార్డులో ఉన్నట్టు రాయమన్నదీ, రాస్తే గానీ రానివ్వనన్నదీ, మార్చడానికి వీల్లేదన్నదీ నేను. వర్క్‌షాపు గేటు తీసుకొచ్చి మా నాన్న ఫోన్‌లో పెట్టింది నేనే.

ఆ పేజీ తీసేశాను. మీసాలాయన తగువుకి ఫోన్ నంబరు చాలు, ఎవరు రాశారో దాన్నిబట్టి తెలుస్తుంది. పేరు గడి మీద 'మిమ్మల్ని ఏమని పిలవమంటారు' అని రాసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకునేట్టు వదిలేశాను. సంఘం పెద్దాయనకి ఈ మార్పు చెప్తే, పట్టుకోడానికి నంబరుంటే ఠీక్ హై అన్నాడు.

నాన్న మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. పింఛను సంగతేమిటి, రేపు అమ్మకి రావలసినదేమవుతుంది అన్నాడు. ఇది సర్కారు కాగితం కాదు నాన్నా, మన ఫొటోల పుస్తకం, ఇంట్లో పిలిచే పేరు పెట్టుకున్నాననుకుంటారు అంతే అన్నాను. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు పొద్దున్న కళ్ళజోడు తుడుచుకుని, ఫోన్ తీసుకుని వరండాలో కూర్చున్నాడు. నేను దగ్గరికి పోలేదు. కిటికీలోంచి చూస్తున్నాను. మూడక్షరాల పేరు. ఐదో క్లాసులో పలక మీద రాసిన తర్వాత ఆయన దాన్ని ఎక్కడా రాసి ఉండడు. రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. ఆ పేరు ఇక్కడ నేను రాయను, అన్నది కూడా రాయను. అవి ఆయనవి, చెప్పాలనుకున్న చోట ఆయనే చెప్తాడు.

తెర మీద 'నమస్కారం' అని, పక్కన ఆ మూడక్షరాలు, చివర 'గారూ' అని వచ్చింది. నాన్న ఫోన్‌ని కాస్త దూరంగా పట్టుకుని చూశాడు. కాసేపటికి నన్ను పిలిచి, ఇందులోంచి బయటికెళ్ళడం ఎలాగ అన్నాడు. నచ్చలేదేమో అనుకుని బయటికెళ్ళే బొత్తాం చూపించాను. నొక్కాడు. వెంటనే నంబరు కొట్టి, కోడ్ తెప్పించుకుని, మళ్ళీ లోపలికెళ్ళాడు. మళ్ళీ నమస్కారం. మళ్ళీ బయటికి.

ఆ రోజు ఎన్నిసార్లు వెళ్ళొచ్చాడో నేను లెక్క చూడలేదు. మధ్యాహ్నం భోజనాల ముందు ఫోన్ పట్టుకుని దిగాలుగా వచ్చాడు. చాలాసార్లు ప్రయత్నించారు, కాసేపు ఆగండి అని వస్తోంది. ఒకే నంబరు అన్నిసార్లు తలుపు తడితే లైబ్రరీకి దొంగేమోనని అనుమానం వస్తుంది, కాసేపు ఆపేస్తుంది. అది మంచి జాగ్రత్తే. నేను కూర్చుని ఆ హద్దు కాస్త పెంచాను. ఒక్క నాన్నకే పెంచడానికి వీల్లేదు, అందరికీ పెంచాల్సి వచ్చింది. పెంచాను.

అమ్మకి కూడా చూపించాడు. ఆమె కూడబలుక్కుని చదివింది, 'నమస్కారం' దాకా పైకి, తర్వాత మూడక్షరాలూ పెదాలతోనే, 'గారూ' మళ్ళీ పైకి. చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న పాత షాపు నేస్తాలు ఫోన్ చేసి, ఫొటోలో నీ కింద ఈ కొత్త పేరేటి అని అడిగారు. మా యమ్మ పిలిసిన పేరు అన్నాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. తర్వాత వారంలో వాళ్ళలో ముగ్గురు తమ పేర్లు మార్చుకున్నారు. వాళ్ళమ్మలు పిలిచిన పేర్లట.

వానలు తగ్గాయి, బడి తెరిచి చాలా రోజులైంది, రైలు పట్టాల పక్కన రెల్లు పూసింది. మహాలయ ముందురోజు నాన్న నా గది గుమ్మంలో నిలబడి, రేపు నువ్వు కూడా రా అన్నాడు.

పొద్దున్నే వెళ్ళేసరికి పుకూరు గట్టు నిండా జనం. బెంగాలీలు ఒక పక్క మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. మనవాళ్ళు ఇంకో పక్క వరసగా కూర్చున్నారు. పంతులుగారు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వస్తున్నారు. ఆయన మా ఇంటికి నలభై ఏళ్ళకి పైగా వస్తున్నారు, నా అక్షరాభ్యాసం కూడా ఆయనదే. నాన్న ముందు కూర్చుని, అలవాటు కొద్దీ రికార్డు పేరుతో మొదలుపెట్టబోయారు. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి బాబూ. ఆ పేరు పోయినోల్లలో సెప్పండి. అది మా అన్నది" అన్నాడు.

పంతులుగారికి అర్థం కాలేదు. అది మీ పేరు కదండీ అన్నారు. పక్కన కూర్చున్నవాళ్ళు ఇద్దరు తలలు తిప్పి చూశారు. వాళ్ళు షాపు వాళ్ళే.

"కాదు. యాభయ్యేళ్ళు నా కాడ ఉండిపోనాది. ఇచ్చేస్తన్నాను."

పంతులుగారు ఆయన మొహంలోకి చూశారు. తర్వాత, మరి మీ పేరు ఏమని చెప్పమంటారు అని అడిగారు. నాన్న చెప్పాడు. మెల్లగా చెప్తాడనుకున్నాను, గట్టిగానే చెప్పాడు, గేటు దగ్గర పిలిస్తే పలికినట్టు. పక్కవాళ్ళు మళ్ళీ తమ దర్భల వైపు తిరిగారు. పంతులుగారు నాన్న పేరుతో మొదలుపెట్టి, తాత పేరు, నాన్నమ్మ పేరు చెప్పి, చివర ఆ అన్న పేరు చెప్పారు. నాన్న దోసిలి వంచి నీళ్ళు వదిలాడు.